గుండు మీద నాలుగు గీతలు

రామక్కకు మొగుడి మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదులేవీ లేవు. తాగి వచ్చి వీరంగం వెయ్యడు, పెట్టింది తింటాడు, మేకల్ని చంటిపిల్లల్లా చూసుకుంటాడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం. పొద్దున్నే అంబలి గిన్నె చేతిలో పెట్టగానే, ఆమె మొహం కేసి కాకుండా ఆ గిన్నెలోకే చూస్తూ, “ఇయ్యాల గూడ పోవాల్నా?” అంటాడు. ఎక్కడికని అడగక్కర్లేదు, దవాఖానాకే. ఇరవై ఏళ్లుగా అదే ప్రశ్న. కరెంటు లేని రోజు గుడి మైకైనా ఊరుకుంటుంది గానీ పగిడయ్య ఊరుకున్న పొద్దు లేదు. ఈ ఇరవై ఏళ్లలో గిన్నెకు మూడు సొట్టలు పడ్డాయి, ప్రశ్నకు ఒక్కటీ పడలేదు.

“పోవాలె” అంది రామక్క. కొంగు బొడ్డులో దోపుకుని చీపురు చంకన పెట్టుకుంది. ఆమె జవాబూ అంతే, సొట్ట పడనిది.

ఇప్పలచెలకలో చిన్న దవాఖానా అంటే రెండు గదులు, ఒక వరండా, వెనక రేకుల షెడ్డు. ఆ పైన ఇక అడవే. భద్రాచలం వెళ్లే పెద్దరోడ్డు ఎనిమిది కిలోమీటర్లు. ఊళ్లోకి రోజుకు రెండు బస్సులు, వానాకాలంలో ఒకటి, వాగొస్తే అదీ లేదు. రామక్క అక్కడ ఆయా. కాగితాల్లో ‘పార్ట్‌టైమ్’ అని ఉంటుందట. సగం పూట నౌకరి అని దానర్థం. పొద్దటి సగం, సాయంత్రం సగం కలిపి ఆమె ఆ సగం పూట చేస్తుంది.

మనిషి పొట్టి. బోరింగు కాడి నుంచి ఇరవై రెండు బిందెలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగింది. మడమలు బీటలు వారి ఉంటాయి. చేతులకు మాత్రం ఎప్పుడూ ఫినాయిలు వాసన, పండగనాడు చేసిన బూరెల్లోనూ ఉంటుందని యశోద సిస్టర్ నవ్వేది. రామక్క పట్టించుకోదు. ఆ వాసన లేని చేతుల్ని కాన్పుల గదిలోకి ఆమె రానివ్వదు, డాక్టరువైనా సరే. డాక్టరు వారానికి రెండుసార్లు వస్తాడు, వచ్చినప్పుడల్లా ముందు చేతులు చూపిస్తాడు.

ఆ రోజు వరండా తుడిచి, కాన్పుల బల్ల కడిగి, నాలుగో బిందె దించేసరికి మందులిచ్చే ప్రభాకర్ సారు బల్ల ఈడుస్తూ కనిపించాడు. ఆయనది తిరుమలాయపాలెం. ఇక్కడికొచ్చి రెండేళ్లు. సన్నగా, కళ్లద్దాలతో, ఏ పని చేసినా ముందు దాని గురించి చదివి చేసే రకం. దోమతెర కట్టేముందు కూడా డబ్బా మీదిది చదివాడు. ఆయనకో సొంత లాప్‌టాప్, దాని పక్కన గుచ్చే వేలెడంత డేటా కార్డు. తీగ లేకుండా ఇంటర్నెట్టు గాలిలో వచ్చి అందులో దిగుతుందట. ఇప్పలచెలకలో దిగడానికి అది మొహమాటపడుతోంది.

“ఏంది సారూ, బల్ల కడగాల్నా?”

ఇనప బీరువా పక్కనుంటే సిగ్నల్ రాదని, అందుకే జరుపుతున్నానని చెప్పాడు ప్రభాకర్. అసలు సంగతి తర్వాత చెప్పాడు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పార్ట్‌టైమ్ వాళ్లను పర్మినెంటు చేస్తారట. కాగితాలు పంపితే కుదరదు, ఎవరి వివరాలు వాళ్ల దవాఖానా నుంచే కంప్యూటర్లో ఎక్కించాలి. కబురు నిన్న సాయంత్రం డాక్టరు జేబులో వచ్చింది. గడువు ఇవాళ ఐదింటి దాకా. ఐదు దాటితే ఆ పేజీ మూసేస్తారు.

రామక్క ఐదో బిందె నీళ్లు తొట్టిలో పోసింది. కాగితాలు ఇంతకు ముందు మూడుసార్లు పోయాయి. పోయినవి పోయినట్టే ఉన్నాయి. అందుకని గుండె గబగబా కొట్టుకోలేదు గానీ, ఆరో బిందెకు బోరింగు కాడికి పోతూ పోతూ వెనక్కి వచ్చి, “ఇప్పుడు ఎంతైంది టైము?” అని అడిగింది. మామూలుగా టైము ఆమె ఎవర్నీ అడగదు, ఎండను చూసి చెబుతుంది.

తొమ్మిదిన్నర.

ప్రభాకర్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. సిగ్నల్ పెంచుకునే చిట్కాలన్నీ భద్రాచలంలో నెట్ సెంటర్లో కూచుని రాసుకొచ్చాడు. బీరువాకు దూరం జరిపితే ఒక గీత వచ్చింది. కిటికీలో పెడితే ఒకటి ఉండి, రెండోది కన్నుకొట్టి పోయింది. మిద్దె మీదికెక్కితే రెండు నిలిచాయి. పేజీ సగం తెరుచుకుంది, అంతలో చినుకులు పడ్డాయి. లాప్‌టాప్‌ను చొక్కా కింద దాచుకుని, పచ్చి బాలింతలా మెట్లు దిగొచ్చాడు. కరెంటు పదింటికే పోయింది. బ్యాటరీ రెండు గంటలొస్తుంది. దాన్ని ఆపి, మళ్లీ పెట్టి, ఆపి, మధ్యలో దగ్గు మందు ఇస్తూ, గోళీలు లెక్కపెట్టి ఇస్తూ రెండున్నరకు ఇంకా సగం మిగిలేలా నెట్టాడు.

“ఎండకాలం ఇదే కిటికీల మూడు గీతలు వస్తుండె. కార్డు ఖరాబైనట్టుంది” అన్నాడు.

“కార్డు కాదు సారూ, ఆకులు” అంది రామక్క. “ఎండకాలం టేకు చెట్లకు ఆకుంటదా? ఇప్పుడు ఇస్తరాకంత ఆకు, పైన తడి. ఏడికెల్లి వస్తది?”

ప్రభాకర్ పుస్తకంలో ఆకుల గురించి లేదు. ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు. టేకు చెట్లు వానకు తడిసి, గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. సర్కారు చెట్లు. కొమ్మ మీద చెయ్యి వేస్తే దాని కథే వేరు.

“గుండు కాడికి పోదాం” అంది రామక్క.

వాగు ఒడ్డున ఏనుగు కూచున్నట్టు ఒక బండరాయి ఉంది, అదే గుండు. టీకాల బుధవారం నాడు రామక్క దాని మీదికెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేస్తుంది. ఆ కేక వాగు వెంబడి పోయి అవతలి గూడెంలో దిగుతుంది, గుంపు అంటారు దాన్ని. అరగంటలో తల్లులు చంకల్లో పిల్లలతో వాగు దాటి వస్తారు. అదే కేక గుండుకు పది గజాలు అటుగానో ఇటుగానో నిలబడి వేస్తే చెట్లు తినేస్తాయి, అవతల కాకి కూడా లేవదు. తునికాకు కోసేవాళ్లకూ, ఇప్పపువ్వు ఏరేవాళ్లకూ ఏ తావున కేక పారుతుందో తెలుసు. అడవిలో అది దారి తెలియడం లాంటిదే.

ప్రభాకర్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చదువుకున్న నవ్వు. “అది కేక, రామక్కా. ఇది సిగ్నల్. రెండూ ఒకటి గాదు.”

“దారి ఒకటే గద సారూ. ఆడ చెట్లు లేవు. ఆ రెండు గుట్టల సందులకెల్లి చూస్తే పెద్దరోడ్డు టవరు మీది ఎర్రలైటు కనబడతది. మీరు నాలుగింటి బస్సుకు పోతరు, మీకేం తెలుసు.”

ప్రభాకర్ నవ్వు ఆపేశాడు. “లైటు కనబడతదా ఆడికెల్లి?” అని రెండుసార్లు అడిగి, చెప్పులేసుకున్నాడు. యశోద సిస్టర్‌ను దవాఖానా చూసుకోమని ఇద్దరూ గొడుగు పట్టుకుని బయల్దేరారు.

గుండు మీద మూడు గీతలొచ్చాయి. గాలి వీస్తే రెండు. పేజీ తెరుచుకుంది, పేరు రాసే గడి వచ్చింది, ‘రామక్క’ అని కొట్టగానే తెల్లబోయింది. మళ్లీ తెరిచారు, మళ్లీ తెల్లబోయింది. మూడు దాటింది. ప్రభాకర్ పుస్తకంలో ఆఖరి చిట్కా ఒకటి మిగిలింది. లోతుగా, చిల్లులు చిల్లులుగా ఉండే లోహపు గిన్నెలాంటిది కార్డు వెనక పెడితే అది గాలిలో చెదిరిపోయే సిగ్నల్‌ను ఒక్కచోటికి తోస్తుందట. అలాంటి వస్తువు ఎక్కడ దొరుకుతుందని ఆయన ఆకాశంలోకి చూస్తూ ఆలోచిస్తుండగానే రామక్క గుండు దిగింది.

ఇంట్లో పగిడయ్య పొయ్యి ముందు కూచుని ఉన్నాడు. అన్నం కుతకుతలాడుతోంది. గంజి వార్చే చిల్లుల అల్యూమినియం సిబ్బి గోడకు ఆనించి ఉంది. రామక్క దాన్ని తీసుకుంది.

“అన్నం వార్చేది దేంతోని?” అన్నాడు పగిడయ్య.

“కుండ దించి నువ్వు గూడ రా.”

పగిడయ్య వచ్చాడు. పెళ్లాం కోసమో, సిబ్బి ఎటు పోతోందో చూడ్డానికో ఆయనకే తెలియాలి. పొడుగాటి మనిషి, భుజాన తువ్వాలు, దవాఖానా ఉన్న వైపు మొహం తిప్పకుండా, చుట్టు తిరిగి, వాగు గట్టు మీదుగా నడిచాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఆ గేటు దాటింది లేదు. పాము కుట్టినప్పుడు కూడా పసరు మందే తాగాడు. పాము మంచిది కాబట్టి బతికాడని రామక్క అంటుంది.

సిబ్బి నడిమి చిల్లులో వెదురు పుల్ల గుచ్చి, దాని కొసకు డేటా కార్డును గాయాలకు వేసే ప్లాస్టరుతో అంటించాడు ప్రభాకర్. గజం పొడుగు వైరు లాప్‌టాప్‌కు తగిలించాడు. సిబ్బిని నిలబెట్టడానికి ఏదీ లేదు. రాళ్ల మధ్య పెడితే జారింది. పగిడయ్య చేతికిచ్చారు. రామక్క ఆయన భుజాలు పట్టుకుని, పెళ్లికొడుకును పీట మీద తిప్పినట్టు, గుట్టల సందు వైపు తిప్పింది.

నాలుగు గీతలొచ్చాయి.

“కదలకు పెద్దయ్యా” అన్నాడు ప్రభాకర్. ఆ మాట మెల్లగా అన్నాడు, గట్టిగా అంటే గీతలు బెదురుతాయన్నట్టు.

ఈసారి పేజీ తెల్లబోలేదు. రామక్క లాప్‌టాప్ మీద గొడుగు పట్టింది. ప్రభాకర్ ఒక్కో గడీ చదివి అడుగుతూ కొడుతున్నాడు. పుట్టిన తేదీ అడిగితే, గోదారికి మొదటి పెద్ద వరదొచ్చిన యేడని చెప్పింది. అంటే పంతొమ్మిది వందల యాభై మూడు. రోజూ నెలా తెలియని వాళ్లందరికీ బళ్లో వేసినట్టే జూలై ఒకటి వేశాడు. నౌకరిలో చేరింది రెండో పెద్ద వరదకు. ఎనభై ఆరు, ఆగస్టు. అప్పుడు మునిగిన ఊళ్ల జనానికి ఇక్కడ డేరాలేసి మందులిచ్చారు. నీళ్లు మోయడానికి వచ్చింది, డేరాలు ఎత్తేశాక కూడా నీళ్లు మోస్తూనే ఉండిపోయింది. మనిషి బతుకు రెండు వరదల మధ్య ఇలా రెండు గడుల్లో సరిపోయింది. ప్రభాకర్ వేలు ఇంకో గడి మీద ఆగింది.

“ఇరవై మూడేండ్లల్ల సెలవులెన్ని పెట్టినవ్ రామక్కా?”

“ఒక్కరోజు.”

“గట్ల రాస్తే నమ్మరు. ఎప్పుడు, ఎందుకని పేజీ అడుగుతుంది.”

రామక్క గొడుగు చెయ్యి మార్చుకుంది. “ఎనబై తొమ్మిది. ఈ నెలనే. పొరగాడు పోయిన్నాడు.”

ప్రభాకర్ గడిలో ఎనభై తొమ్మిది అని కొట్టాడు. పగిడయ్య సిబ్బి పట్టుకుని గుట్టల వైపే చూస్తున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. పిల్లాడికి నాలుగేళ్లు. మూడు రోజుల జ్వరం. పూడ్చి వచ్చిన తెల్లారి రామక్క లేచి, అంబలి కాచి, చీపురు తీసుకుంది. ఆ పొద్దునే మొదటిసారి అడిగాడు పగిడయ్య, ఇయ్యాల గూడ పోవాల్నా అని. ఆమె పోయింది. ఆయన ఆ మధ్యాహ్నమే అడవిలో వెదురు కొట్టే కూపు పనికి వెళ్లిపోయాడు. నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆయన అడగడం, ఆమె పోవాలె అనడం తప్ప దాని గురించి ఇద్దరి మధ్య ఇంకో మాట నడవలేదు.

“తెల్లారి డ్యూటీకి వచ్చినట్టేనా?” అన్నాడు ప్రభాకర్, గడి నింపాలి గనక.

“వచ్చిన. వాగవతలి గుంపుల పదకొండుమంది పిల్లలకు అదే జరం. ఈ గుండు మీదికెల్లే పిలిచిన. వాగు నిండ ఉండె, తెప్ప మీద ఒక్కొక్కర్ని తెచ్చినం. సిస్టరు సూదులేసింది. పదకొండు మంది బతికిన్రు.” గొడుగు సర్ది, “మావోడు ఒక్కడే పన్నెండోడు” అంది.

లాప్‌టాప్ మీద గీతలు మూడయ్యాయి. రెండయ్యాయి. పేజీ మీద చిన్న చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది.

“పెద్దయ్యా, కదులుతుంది” అన్నాడు ప్రభాకర్.

సిబ్బి వణుకుతోంది. గాలేమీ లేదు. రామక్క మొగుడి వీపు కేసి చూసింది. పోయి భుజం మీద చెయ్యి వెయ్యొచ్చు, కానీ గొడుగు తీస్తే లాప్‌టాప్ తడుస్తుంది. ఆమె గొడుగు పట్టుకునే ఉంది. కాసేపటికి పగిడయ్య రెండు కాళ్లూ ఎడం పెట్టి, మోచేతులు పక్కలకు బిగించి, రోలు మీద రోకలి నిలబెట్టినట్టు నిలబడ్డాడు. మూడో గీత వచ్చింది. నాలుగోదీ వచ్చింది. నలభై నిమిషాలు ఆయన అలాగే నిలబడ్డాడు. చీమలు పాకినా కాలు విదల్చలేదు.

ఆఖరున ‘ఇతర విధులు’ అని ఒక గడి మిగిలింది. ‘నదీ పరీవాహక ఆవాసాలకు ఆరోగ్య సమాచారం అందించుట’ అని ప్రభాకర్ రాసి చదివి వినిపించాడు. ఎవరి గురించని అడిగింది రామక్క. నీ గురించే అన్నాడు. “కేకేసుడు అని రాయి సారూ, వాళ్లకు అర్థమైతది” అంది. ప్రభాకర్ కొట్టేసి, అలాగే రాశాడు.

నాలుగూ నలభై ఎనిమిదికి పేజీ ఒక నంబరిచ్చింది. గోళీల డబ్బా అట్ట చించి దాని మీద ఆ నంబరు రాసి, రామక్క చేతిలో పెట్టాడు ప్రభాకర్. లాప్‌టాప్ తెర ఆరిపోయింది, బ్యాటరీ అయిపోయింది. నాలుగింటి బస్సు ఎప్పుడో పోయింది గనక ఆ పూట ఆయన వాళ్లింట్లోనే తిన్నాడు. వార్చని అన్నం గంజిలోనే నాని ముద్దయింది. సిబ్బి గడపలోనే ఉంది, తీసుకొచ్చి వార్చాల్సిన పని ఇక లేకపోయింది. ముగ్గురూ అదే తిన్నారు. అన్నం బాగుందని ప్రభాకర్ అబద్ధమాడాడు.

మర్నాడు పొద్దున పగిడయ్య అంబలి తాగి, గిన్నె కడిగి బోర్లించి, మేకల కాడికి పోయాడు. ఏమీ అడగలేదు. ప్రశ్న రాకపోయేసరికి జవాబు నోట్లోనే ఉండిపోయి, రామక్క కొంగు దోపుకోవడం మరిచిపోయి సగం దూరం నడిచింది.

కార్తీకంలో ఉత్తర్వు వచ్చింది. ఈసారి నిజంగా కాగితమే వచ్చింది, ముద్రతో సహా. పర్మినెంటు. అయితే ఇప్పలచెలకలో అలాంటి పోస్టు లేదు కాబట్టి భద్రాచలం పెద్ద దవాఖానాలో చేరాలి. అరవై నిండేదాకా ఇంకో నాలుగేళ్లు. యశోద సిస్టర్ ఏడ్చింది. డాక్టరు రామక్కకు చేతులు చూపించి మరీ సెలవు చెప్పాడు. పెద్ద దవాఖానాలో ఇరవై రెండు బిందెలు చాలవు గదా, ఎట్లా చేస్తావని ప్రభాకర్ దిగులుపడితే, అక్కడ నల్లా తిప్పితే నీళ్లొస్తాయట సారూ, సగం పని దేవుడే చేసిపెట్టిండు అంది రామక్క. కిరాయికి గది చూశారు. శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం తెల్లారి పోతుంది. మేకల్ని విడిచి పగిడయ్య రాలేడు, రమ్మని ఆమె అడగనూ లేదు.

పెద్దరోడ్డు దాకా అద్దెకు ఆటో మాట్లాడదామంటే పగిడయ్య వినలేదు. తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద ఇనప పెట్టె ఎత్తుకుని, ఎనిమిది కిలోమీటర్లూ ఆమెకు నాలుగడుగుల ముందు నడిచాడు. టేకు చెట్లు ఆకు రాల్చడం అప్పుడే మొదలెట్టాయి. నడిచినంత సేపూ కాళ్ల కింద చప్పుడు.

పెద్దరోడ్డు మీద కల్వర్టు మోరీ దగ్గర బస్సు ఆగింది. కండక్టరు జల్దీ జల్దీ అన్నాడు. పగిడయ్య పెట్టె లోపల పెట్టి, దిగి, ఆమె కూచున్న కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బస్సు నిండా జనం. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కోయలో. ఇప్పుడు మాత్రం పగిడయ్య తెలుగులో అన్నాడు, బస్సులో అందరికీ తెలియాలన్నట్టు.

“పొరగాడు పోయిన తెల్లారి నువ్వు దవాఖానాకు పోయినవని ఇరవయ్యేండ్లు మనసుల పెట్టుకున్న. నువ్వు పోవుడే మంచిగైంది. నాదే తప్పు.”

విజిల్ నోట్లో పెట్టుకున్న కండక్టరు ఊదకుండా ఆగాడు. రామక్క కిటికీ ఊచ మీద ఉన్న ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టింది. తర్వాత కండక్టరు ఊదాడు, బస్సు కదిలింది. ఆమె మెడ తిప్పి చూస్తే, పగిడయ్య అప్పటికే మేకల కోసం అడవి దారి పట్టి పోతున్నాడు, ఉత్త భుజంతో.

మోరీ గోడ మీద, ఎనిమిది కిలోమీటర్లు పెట్టె బరువు మోసిన తువ్వాలు చుట్ట, విడిపోకుండా, ఇంకా గుండ్రంగానే ఉంది.